అక్కా, క్యాషా... ఫోన్‌పేనా?

మూడు రోజుల సెలవులు కలిసొస్తే చాలు, నా ఫోన్ మోగడం మొదలవుతుంది. మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్స్‌కి, వాళ్ల ఫ్రెండ్స్‌కి, వాళ్ల ఆఫీసువాళ్లకి అందరికీ నేనే మ్యాప్. "అన్నా, పాపికొండల బోటు ఎక్కడ ఎక్కాలి?" "పర్ణశాల దాకా కారు పోతదా?" "బొగతలో నీళ్లున్నాయా?" "బొంగు చికెన్ ఎక్కడ బాగుంటది?" ఓపిగ్గా అన్నిటికీ చెప్తుంటా.

ఈ మధ్య నేనూ ఒక ఎదురు ప్రశ్న వేస్తున్నా. "జేబులో ఎంతుంది?" అని.

అవతల ఒకటే నవ్వు. "జేబులో ఎందుకన్నా? ఫోన్‌పే ఉంది కదా!"

ఉంది, కాదనను. కానీ భద్రాచలం దాటి అడవి దారి పట్టాక ఆ ఫోన్‌పే ఎక్కడిదాకా పనిచేస్తుంది, పనిచేసినా ఎవరికి పనికొస్తుంది అన్నదే ఈ వారం ముచ్చట. ఇది చదివాక మీ ట్రిప్ ప్లాన్‌లో పెద్దగా మార్పేమీ ఉండదు. ఏటీఎం దగ్గర ఆగే చోటు మాత్రం మారుతుంది. అంతే.

మ్యాప్‌లో చుక్కకీ, మెషీన్‌లో నోటుకీ తేడా ఉంది

ముందు దారి చెప్తా. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కి.మీ. మధ్యలో కొత్తగూడెం, పాల్వంచ వస్తాయి. రైల్లో వచ్చేవాళ్లకు ఒక మాట. టికెట్ మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది కానీ ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. దిగీదిగగానే గుడి ఎక్కడని వెతక్కండి, ఇంకా 40 కి.మీ. పోవాలి.

కొత్తగూడెం సింగరేణి ఊరు. పాల్వంచలో థర్మల్ పవర్ స్టేషన్ ఉంది. గోదావరికి ఇవతల సారపాకలో కాగితం మిల్లు ఉంది. అన్నీ జీతాల ఊళ్లు. జీతాలు పడేచోట బ్యాంకులుంటాయి, బ్యాంకులున్నచోట ఏటీఎంలుంటాయి. సారపాక దాటి వంతెన ఎక్కితే భద్రాచలం. ఏడాది పొడుగునా భక్తులు వచ్చే ఊరు కాబట్టి, శ్రీరామనవమి లాంటి రద్దీ రోజులు వదిలేస్తే అక్కడా డబ్బుకి పెద్దగా ఇబ్బంది ఉండదు. టీ కొట్టు నుంచి లాడ్జి దాకా అన్నిచోట్లా క్యూఆర్ కోడ్ స్టిక్కర్లే.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. భద్రాచలం నుంచి రెండు దారులు. ఒకటి గోదావరి వెంబడి ఎగువకి: దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. పర్ణశాల, బొగత జలపాతం ఈ వైపే. రెండోది తూర్పుకి: ఎటపాక, చింతూరు. అక్కణ్నుంచి నేరుగా పోతే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట. గోదావరి వైపు దిగితే కూనవరం, వర రామచంద్రాపురం, ఆ కింద పోచవరం బోట్ల రేవు. ఈ దారిలో భద్రాచలం దాటగానే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లా మండలాల్ని అటు కలిపారు, భద్రాచలం పట్టణం మాత్రం ఇటు మిగిలింది.

రెండు దారుల్లోనూ దృశ్యం ఒకటే. వెదురు, తునికి, ఇప్ప చెట్లు. కోయ గూడేలు, కొండరెడ్ల గూడేలు. మధ్యమధ్యలో ఒక మండల కేంద్రం. ఆ మండల కేంద్రంలో ఒకటో రెండో ఏటీఎంలు. మళ్లీ మండల కేంద్రం వచ్చేదాకా ఏమీ ఉండదు. మ్యాప్‌లో చుక్క కనిపిస్తుంది నిజమే. ఆ చుక్క షట్టర్ వేసి ఉందో, కరెంటు లేక ఆగిందో, నోట్లు అయిపోయి 'క్షమించండి' అంటోందో మ్యాప్ చెప్పదు.

సాయంత్రం 4 దాటితే అంతే

"ఖాళీ అయితే మళ్లీ నింపుతారు కదా" అంటారు. నింపుతారు. ఎప్పుడు అన్నదే పాయింట్.

ఏటీఎం నోట్లు అచ్చేసే మెషీన్ కాదు, ఇనప్పెట్టె. లోపల మామూలుగా నాలుగు క్యాసెట్లు ఉంటాయి. ఒక్కో క్యాసెట్‌లో సుమారు 2,000 నోట్లు పడతాయి. అవి అయిపోతే తుపాకీ గార్డులతో క్యాష్ వ్యాన్ రావాలి. ఆ వ్యాన్లకి కేంద్ర హోంశాఖ 2018లో నిబంధనలు పెట్టింది, 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం పట్నాల్లో రాత్రి 9 తర్వాత ఏటీఎంలో డబ్బు నింపకూడదు. పల్లెల్లో సాయంత్రం 6 తర్వాత నింపకూడదు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో సాయంత్రం 4కే బంద్. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏళ్ల తరబడి ఆ ప్రభావిత జాబితాలో ఉన్న జిల్లా.

అంటే శనివారం సాయంత్రం 5 గంటలకి అడవి దారిలోని మెషీన్ ఖాళీ అయితే, ఆ రాత్రికి అది ఖాళీ పెట్టే. మర్నాడు ఆదివారం. టూరిస్టులు ఎక్కువగా వచ్చేదీ, మెషీన్ దగ్గర ఎక్కువగా తిట్టుకునేదీ ఆ రోజే.

ఏటీఎం నెలలో 10 గంటలకు మించి ఖాళీగా ఉంటే బ్యాంకుకి రూ.10,000 జరిమానా అని ఆర్‌బీఐ 2021 అక్టోబర్ నుంచి ఒక పథకం పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ వ్యాన్ పొద్దున బయల్దేరి, నూరు కి.మీ. అడవి దారి తిరిగి, నాలుగింటిలోపు పని ముగించాలంటే దానికీ కొన్ని గంటలే ఉంటాయి కదా.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక క్యాసెట్ నిండా 500 నోట్లు, 2,000 ఉన్నాయనుకోండి. మొత్తం రూ.10 లక్షలు. "ఎందుకైనా మంచిది, ఇదే లాస్ట్ ఏటీఎం అంట" అని కారు ఆపి తలా రూ.10,000 తీస్తే ఎంతమందికి వస్తుంది? సరిగ్గా 100 మందికి. లాంగ్ వీకెండ్‌లో పాపికొండల దారిలో 100 కార్లు ఒక లెక్కా?

101వ మనిషి ఎవరో చూద్దాం.

ఆ క్యూలో ఇంకొకరు ఉన్నారు

మే నెలలో ఈ వైపు వస్తే తునికాకు కల్లాలు కనిపిస్తాయి. బీడీ చుట్టే ఆకు. తెల్లవారకముందే అడవిలోకి పోయి కోసుకొచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లంలో ఎండేస్తారు. చాలా కుటుంబాలకి ఏడాదిలో చేతికి కాస్త గట్టిగా డబ్బు వచ్చే సీజన్ అదే. అంతకుముందు మిరప కోతలు. వాటికోసం ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు గుంపులు గుంపులుగా వస్తారు. ఇవిగాక ఉపాధి హామీ డబ్బులు, పింఛన్లు. ఇందులో చాలా భాగం ఇప్పుడు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతాలో పడిన డబ్బు చేతికి రావాలంటే మళ్లీ ఆ మండల కేంద్రానికే రావాలి.

పింఛను సంగతే చూడండి, సరిహద్దు ఎంత తమాషా చేస్తుందో. ఎటపాకలో ఉండే ఒక పెద్దమ్మకి ఆంధ్రా ప్రభుత్వం నెల మొదట్లో రూ.4,000 వృద్ధాప్య పింఛను ఇంటి గుమ్మం దగ్గరే చేతిలో పెడుతుంది. పక్కనే భద్రాచలంలో కాపురమున్న ఆమె చెల్లెలికి తెలంగాణలో వచ్చేది రూ.2,016. అది పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లి తెచ్చుకోవాలి. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఒకరి దగ్గరికి నోటు నడిచి వస్తుంది, ఇంకొకరు నోటు దగ్గరికి నడిచి పోవాలి.

గూడెం నుంచి షేర్ ఆటోలో మండల కేంద్రానికి వచ్చి, రెండు గంటలు నిలబడి, "డబ్బుల్లేవంట, రేపు రా" అనిపించుకుని వెనక్కి పోయే మనిషికి ఒక రోజు కూలి పోయినట్టే. రానూపోనూ ఆటో కిరాయి అదనం. మనకి అది రీల్ పెట్టుకునే టూర్ దారి. వాళ్లకి అది జీతం తెచ్చుకునే దారి.

ఇది మన దగ్గరే ఉన్న సమస్య అనుకోకండి. గ్రీసు దేశం గుర్తుందా? నీలం గుమ్మటాలు, తెల్లటి ఇళ్లు, ఇన్‌స్టాలో మీరు లైక్ కొట్టే దీవులు. 2015 జూన్ ఆఖరులో అక్కడ బ్యాంకులు మూసేశారు. స్థానికులు తమ కార్డుతో రోజుకి 60 యూరోలకు మించి తీయకూడదని గీత గీశారు. బయటి దేశాల కార్డులతో వచ్చిన టూరిస్టులకి ఆ లిమిట్ లేదు. మెషీన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. చిన్న దీవిలో ఉన్న ఒక్క మెషీన్ ముందు ముసలాయన తన డబ్బులోంచి 60 యూరోల కోసం నిలబడితే, వెనకాల నిలబడ్డ టూరిస్టుకి ఎంత కావాలంటే అంత.

మనకీ ఏడాదిన్నర తిరక్కుండా 2016 నవంబర్ వచ్చింది. ముందు కార్డుకి రోజుకి రూ.2,000, తర్వాత రూ.2,500. ఆ క్యూలు మీలో చాలామందికి అమ్మానాన్న చెప్పిన కథలే అయ్యుంటాయి. ఇక్కడి గూడేల్లో మాత్రం ఆ క్యూ పూర్తిగా పోలేదు. కాస్త చిన్నదైంది, అంతే.

దీవులకి పోయే అనుభవజ్ఞులు చెప్పే మాట ఒకటుంది: ఓడ ఎక్కకముందే, పెద్ద రేవులోనే డబ్బు తీసుకో, దీవిలోని మెషీన్ మీద ఆధారపడకు. మన అడవికీ అదే మాట. మన పెద్ద రేవు ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ.

"ఫోన్లో పడ్డవి ఫోన్లోనే ఉంటయ్"

"అయితే ఏటీఎం జోలికే పోం. అందరికీ ఫోన్‌పే చేసేస్తాం, ఎవరి నోట్లూ తినం" అని ఒక తెలివైన తమ్ముడు అన్నాడు. నాకూ మొదట అదే సరైనదనిపించింది. తర్వాత ఒక అక్క మాట విన్నాను.

బోట్ల రేవుకి పోయే దారిలో, చెట్టుకింద వెదురు బొంగుల్లో చికెన్ కాల్చి అమ్ముతోంది. పక్కనే క్యూఆర్ స్టిక్కర్ ఉంది. స్కాన్ చేయబోతే, "నోట్లున్నయా బాబూ?" అంది.

"ఫోన్‌పే పనిచేయట్లేదా అక్కా?"

"పనిచేస్తది. ఫోన్లో పడ్డవి ఫోన్లోనే ఉంటయ్ గదా. కోళ్లమ్మే ముసలాయనకి ఫోనే లేదు."

ఈ ఒక్క మాటలో మొత్తం విషయం ఉంది. మనం ఒక్క సెకనులో స్కాన్ చేసి, క్యాష్ గొడవ లేదని హాయిగా వెళ్లిపోతాం. కానీ ఆమె ముసలాయనకి కోడి డబ్బులు ఇవ్వాలి. బొంగులు కొట్టుకొచ్చిన పిల్లాడికి కూలి ఇవ్వాలి. సంతలో ఉప్పు, ఉల్లిగడ్డ, ఎండుచేపలు కొనాలి. అన్నీ నోట్లతోనే. అంటే వారానికి ఒకసారైనా ఆమె ఆటో ఎక్కి మండల కేంద్రానికి పోయి, ఆ ఫోన్లోని డబ్బుని నోట్లుగా మార్చుకోవాలి. లేదంటే ఎవరో షాపతనికి ఫోన్‌పే చేసి క్యాష్ తీసుకోవాలి. అలా ఇచ్చేందుకు వెయ్యికి ఇరవై రూపాయలు పట్టుకునేవాళ్లని నేను చూశా.

మనం ఏటీఎంకి పోవడం మానేశాం అనుకుంటాం. నిజానికి మన ఏటీఎం ప్రయాణాన్ని ఆమెకి ట్రాన్స్‌ఫర్ చేశాం.

అదే మనం పట్నం నుంచి తెచ్చిన వంద నోటు ఇస్తే? ఆ నోటు ముసలాయన దగ్గరికి పోతుంది. ఆయన దగ్గర్నుంచి సంతలో ఎండుచేపల గంపకి. అక్కణ్నుంచి ఆటో డ్రైవర్‌కి. ఎవరూ మెషీన్ మొహం చూడకుండానే నాలుగు చేతులు మారుతుంది. అడవి ఊళ్లలో కొరత డబ్బుకి మాత్రమే కాదు, నోటుకి కూడా. టూరిస్టు తెచ్చిపెట్టగలిగేది అదే, మనం తీసుకుపోయేది కూడా అదే.

అందరూ నోట్లే కోరుకుంటారని కాదు. చింతూరులో బైక్ రిపేర్ చేసే కుర్రాడికి ఫోన్‌పేనే ఇష్టం. స్పేర్ పార్టులు ఆర్డర్ పెట్టేది ఫోన్లోనే కాబట్టి. హోటలాయనకి చిల్లర బాధ తప్పుతుంది. రాత్రిపూట డబ్బు సంచితో ఇంటికి పోవాలంటే కొందరికి భయం. అందుకే నేను క్యాష్ గొప్పా, ఫోన్ గొప్పా అని పంచాయితీ పెట్టను. ఎవరికి ఏది పనికొస్తుందో వాళ్లనే అడగాలి.

వేలిముద్ర ఏటీఎం

ఈ ఊళ్లలో ఇంకో రకం ఏటీఎం ఉంది, మీరు గమనించి ఉండరు. కిరాణా కొట్టులో ఒక చిన్న మెషీన్, దాని పక్కన వేలు పెట్టే గాజు పలక. ఆధార్ నంబర్ చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వేలు పెడితే కొట్టతను తన గల్లాపెట్టెలోంచి డబ్బిస్తాడు. దీన్నే ఏఈపీఎస్ అంటారు. ఒక్కసారికి రూ.10,000 దాకా తీయొచ్చు. పోస్ట్‌మ్యాన్ దగ్గర కూడా ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ 2018లో మొదలయ్యాక ఇంటి దగ్గరే తీసుకునే వీలొచ్చింది.

మీ కార్డు పోయినా, ఖాతాకి ఆధార్ లింక్ అయి ఉంటే ఈ దారి మీకూ పనికొస్తుంది. అయితే మీరు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకుని ఉంటే, సిగ్నల్ ఉన్నచోటే అన్‌లాక్ చేసుకుని బయల్దేరాలి.

దీనికీ రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, వేళ్లు. ఆకు కోసీ, వెదురు చీల్చీ, మిరపకాయలు తెంపీ అరిగిపోయిన వేళ్లని మెషీన్ గుర్తుపట్టదు. "ఇంకో వేలు పెట్టు, ఇంకో వేలు పెట్టు" అంటుంటే ఆ పెద్దవాళ్లు చీర కొంగుకి వేళ్లు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ పెట్టడం చూస్తే మనసు ఎట్లనో అవుతుంది. రెండు, మోసం. "ఈసారి పడలేదు, మళ్లీ పెట్టు" అని రెండోసారి వేలు పెట్టించి, రెండుసార్లు డబ్బు లాగి, ఒకసారిదే చేతిలో పెట్టే దొంగలు ఎక్కడైనా ఉంటారు. చదువు రాని మనిషికి అది తెలిసేదెట్లా? పడలేదన్నా సరే, రశీదు అడగాలి. బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు కస్టమర్ దగ్గర నేరుగా ఛార్జీ తీసుకోకూడదన్నది ఆర్‌బీఐ నిబంధన. ఇది మీ నానమ్మకి, మీ ఇంట్లో పనిచేసే అక్కకి కూడా చెప్పండి.

నిజంగానే దీవి అయిపోతే

వానాకాలం ట్రిప్ వేసుకునేవాళ్లు ఈ భాగం తప్పకుండా చదవండి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే శబరి వెనక్కి తన్ని, చింతూరు వైపు ఊళ్లు కూడా మునుగుతాయి.

క్యాష్ వ్యాన్ రావాల్సింది కూడా ఆ రోడ్ల మీదే కదా. రోడ్డు మునిగితే నోటు రాదు. కరెంటు పోతే మెషీన్ ఆగుతుంది. టవర్ ఆగితే ఫోన్‌పే, వేలిముద్ర రెండూ ఆగుతాయి. అప్పుడు పనిచేసేది డబ్బాలో దాచుకున్న నోటు ఒక్కటే. 1986లో వరదొచ్చినప్పుడు మన దేశంలో ఏటీఎం అన్నదే లేదు. మొదటిది ఆ మరుసటేడు 1987లో బొంబాయిలో పెట్టారు. ముప్పై ఆరేళ్ల తర్వాత వచ్చిన వరదకి ఏటీఎంలూ ఉన్నాయి, ఫోన్లూ ఉన్నాయి. నీళ్లు ఎక్కిన రోజున మాత్రం మళ్లీ 1986కే వెళ్లిపోయాం. అందుకే గోదావరికి మొదటి హెచ్చరిక, అంటే 43 అడుగులు, ఇచ్చారని వింటే ట్రిప్ వాయిదా వేసుకోండి. అక్కడ మిగిలిన నోట్లు అక్కడివాళ్లకి కావాలి.

మరి ఏం చేయాలి?

డబ్బు పట్నంలోనే తీసుకోండి. హైదరాబాద్‌లోనో, ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో. వేరే బ్యాంకు ఏటీఎంలో హైదరాబాద్ లాంటి మెట్రోలో నెలకి కనీసం 3 సార్లు, ఖమ్మం, భద్రాచలం లాంటి చోట్ల 5 సార్లు ఉచితం. బ్యాలెన్స్ చూసినా ఒకటి కింద లెక్కే. అవి దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి రూ.23 దాకా, ఆ పైన పన్ను.

చిన్న నోట్లు తీసుకోండి. అడవి దారిలో 500 నోటు ఇస్తే చిల్లర కోసం ఆ అక్క నాలుగు కొట్లు తిరగాలి. ఏటీఎంలలో 100, 200 నోట్లు దొరికేలా చూడాలని ఆర్‌బీఐ 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకి గడువులు పెట్టి చెప్పింది. కాబట్టి 500 కాకుండా 400 చొప్పున తీసి చూడండి, చిన్న నోట్లు వచ్చే వీలుంటుంది. లేదంటే పెట్రోల్ బంకులో 500 మార్చుకోండి.

నోట్లు అన్నీ ఒకేచోట పెట్టకండి. కొన్ని జేబులో, కొన్ని బ్యాగులో, కొన్ని కారులో.

భద్రాచలం దాటాక ఏటీఎం దగ్గర ఆగాల్సిన అవసరం రాకుండా చూసుకోండి. నిజంగా అవసరమొస్తే తీసుకోండి, మెషీన్ ఎవరి సొంతమూ కాదు. కానీ "లాస్ట్ ఏటీఎం" అనే భయంతో పదివేలు లాగకండి. ఆ రోజుకి ఎంత కావాలో అంత.

రశీదు పడేయకండి

ఒకసారి ఒక మండల కేంద్రంలో నాకు మెషీన్ గరగర శబ్దం చేసింది, ఖాతాలోంచి రూ.4,000 కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, నోట్లు మాత్రం బయటికి రాలేదు. ఏ బ్యాంకో ఇక్కడ అనవసరం. ఇది ఎవరికైనా, ఎక్కడైనా జరగొచ్చు. ఆ స్లిప్పుని, మెసేజ్‌ని ఫొటో తీసుకుని, నా కార్డు ఇచ్చిన బ్యాంకుకి ఫిర్యాదు పెట్టా. నాలుగో రోజు డబ్బు వెనక్కొచ్చింది.

రూల్ ఏంటంటే, 2019లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలా కట్ అయిన డబ్బు 5 రోజుల్లోపు దానంతటదే ఖాతాలో పడాలి. ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకీ మీకు రూ.100 ఇవ్వాలి. మెషీన్ ఏ బ్యాంకుదైనా ఫిర్యాదు చేయాల్సింది మీ బ్యాంకుకే. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు, సమాచారానికి 14448కి ఫోన్ చేయొచ్చు. మోసం జరిగిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930.

మనకి నాలుగు వేలు నాలుగు రోజులు ఆగితే చిరాకు. రెండు వేల పింఛను అలా ఇరుక్కుంటే ఆ ఇంట్లో నెల గడవదు. మీ ముందు ఎవరికైనా ఇలా జరిగితే, "స్లిప్పు జాగ్రత్త పెద్దమ్మా" అని చెప్పి, అవసరమైతే ఆ ఫిర్యాదు నంబరుకి మీ ఫోన్లోంచి కాల్ కలిపి ఇవ్వండి. అయిదు నిమిషాల పని.

అసలు రశీదు విలువ భద్రాచలానికి చెప్పాల్సిన పనే లేదు. మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న తహశీల్దారుగా ఉండి, సర్కారు పైకంతో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలకి పోయిన కథ మీకు తెలిసిందే. రామలక్ష్మణులు రాత్రికి రాత్రి తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించారని చెప్పుకుంటారు కదా. ఆ కథలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. డబ్బు కట్టేసి ఊరికే వెళ్లిపోలేదట. తానీషా చేత రశీదు రాయించుకుని, దాన్ని తెచ్చి గోపన్న తలగడ కింద పెట్టి మరీ పోయారట. దేవుడే రశీదు లేకుండా లావాదేవీ ముగించని ఊరు మరి!

సరే, వచ్చే లాంగ్ వీకెండ్‌కి బయల్దేరుతున్నారు కదా. వెళ్లండి. గోదావరి బాగుంటుంది, పాపికొండలు ఇంకా బాగుంటాయి. కొత్తగూడెంలో ఒకసారి ఆగి నాలుగు చిన్న నోట్లు జేబులో వేసుకోండి. ఇక బొంగు చికెన్ దగ్గరైనా, ఇప్పపువ్వు లడ్డూల దగ్గరైనా, స్కానర్ తీయకముందు ఒక్క ప్రశ్న వేయండి.

"అక్కా, క్యాషా... ఫోన్‌పేనా?"

ఆమె ఏది చెబితే అది ఇవ్వండి.